రైలు కాలనీ పిల్లల ఆటలు: ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ల చరిత్ర

విద్యార్థులారా! చరిత్ర పాఠం అనగానే మీకు రాజులు, యుద్ధాలు, సంధిపత్రాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో అవేవీ ఉండవు. పశ్చిమ బెంగాల్‌లోని ఒక రైల్వే పట్టణంలో నూరేళ్లకు పైగా కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఇంటి దగ్గర ఏం ఆడుకున్నారు, చేతులతో ఏం చేశారు, వాళ్లను ఇంటిపట్టున ఉంచడానికి తల్లులు ఏయే ఉపాయాలు పన్నారు అన్నదే మన విషయం. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. కాని ఆ ఊళ్లో అది ప్రాణాలతో ముడిపడిన విషయం, భాషతో ముడిపడిన విషయం కూడా. ఎలాగో వరుసగా చూద్దాం.

ఊరు ఎలా పుట్టింది?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. దాన్నే బి.ఎన్.ఆర్. అనేవారు. 1890ల చివర ఆ కంపెనీ కలకత్తా వైపు, కటక్ వైపు, నాగ్‌పూర్ వైపు వెళ్లే దారులు కలిసే చోటుగా మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌ను ఎంచుకుంది. ఎర్రని కంకర నేల, సాలవృక్షాల అడవి, కాస్త ఎత్తైన ప్రదేశం. వరద నీరు నిలవదు. రైల్వేకు అంతకంటే ఏం కావాలి? అక్కడే ఇంజన్లకు, పెట్టెలకు, వ్యాగన్లకు మరమ్మతులు చేసే పెద్ద కార్ఖానా పెట్టారు. 1904 నాటికి అది పనిలోకి వచ్చింది.

కార్ఖానాకు వేలమంది మనుషులు కావాలి. వాళ్లలో పెద్ద భాగం ఎక్కడినుంచి వచ్చారు? అప్పటి మద్రాసు రాష్ట్రపు ఉత్తర కొసనుంచి. అంటే గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి. ఈనాటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలన్నమాట. ఆ జిల్లాలవాళ్లకు వలస కొత్తేమీ కాదు. అంతకుముందే విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవులనుంచి ఓడెక్కి రంగూను పోయి కూలి చేసుకునేవారు. తూర్పు తీరపు రైలుమార్గం 1890లలో పూర్తయి, దాని ఉత్తరభాగం బి.ఎన్.ఆర్. చేతికి వచ్చాక, సముద్రం దాటనక్కర లేకుండానే పని దొరికే చోటు ఒకటి వాళ్లకు కనిపించింది. ఒకడు వెళ్లి, తమ్ముణ్ణి పిలిచాడు. తమ్ముడు బావమరిదిని పిలిచాడు. ఊళ్లకు ఊళ్లు అలా కదిలాయి.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. వాళ్లు బయలుదేరింది మద్రాసు రాష్ట్రం నుంచి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లాలో ఎక్కువ భాగం అందులో కలిసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. వెనకటి ఊరి చిరునామా మాటిమాటికీ మారుతూ ఉంటే, ఖరగ్‌పూర్‌లోని క్వార్టరు నంబరు మాత్రం నిలకడగా ఉంది! బరంపురంలో పుట్టిన వి.వి. గిరి బి.ఎన్.ఆర్. కార్మికుల సంఘానికి నాయకుడై 1927 నాటి పెద్ద సమ్మెలో పాలు పంచుకున్నారు. తరువాత ఆయన భారత రాష్ట్రపతి అయిన సంగతి మీకు తెలుసు. అయితే సమ్మెల చరిత్ర గురించి పుస్తకాలు ఉన్నాయి. ఆ సమ్మె రోజుల్లో ఇంట్లో ఉన్న పిల్లల గురించి ఎవరూ రాయలేదు. అందుకే మనం ఆ గుమ్మంలోకి తొంగి చూడాలి.

పగలు నిద్రపోయే నాన్న

రైల్వే పని గడియారం మీద నడుస్తుంది, ఆ గడియారం మాత్రం అందరికీ ఒకటి కాదు. కార్ఖానా కూత కొట్టగానే సైకిళ్లు బారులు తీరేవి. ఇంజన్ నడిపేవాళ్లు, గార్డులు, సిగ్నల్ మనుషులు, పట్టాలు చూసేవాళ్లు రాత్రి పగలు తేడా లేకుండా వంతులవారీగా పనిచేసేవారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. దిగువ తరగతి ఉద్యోగికి ఇచ్చిన ఇల్లు ఎంత? ఒక గదో, గదిన్నరో, ముందు చిన్న వరండా, వెనక పెరడు. ఇంట్లో నలుగురో అయిదుగురో పిల్లలు.

ఉత్తరాంధ్ర మాటల్లో పిల్లల్ని 'గుంటలు' అంటారు. మగపిల్లవాడు గుంటడు, ఆడపిల్ల గుంట. ఈ గుంటలందరినీ చప్పుడు చేయకుండా, అలాగని ఏడిపించకుండా, సాయంత్రం దాకా ఎలా కూర్చోబెట్టాలి? ఇది ఆ ఇంటి ఇల్లాలి ముందున్న నిత్యసమస్య. దీనికి ఆమె దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు, పుట్టింటినుంచి తెచ్చుకున్న ఆటలు. వామనగుంటలు, అచ్చనగిల్లలు, గవ్వలు, పులిజూదం, అష్టాచెమ్మా. ఒక్కసారి ఈ పట్టిక చూడండి. అన్నీ కూర్చుని ఆడేవి. అన్నీ నీడలో ఆడేవి. అరవనక్కర లేనివి. చింతగింజలు, గులకరాళ్లు, గవ్వలు, సుద్దముక్క తప్ప ఖర్చు లేనివి. ఆటస్థలం లేని ఇంటికి, నిద్రపోయే నాన్న ఉన్న ఇంటికి ఇంతకంటే సరిపోయే ఆటలు ఏవి?

పట్టాల మీది ఆకర్షణ

రెండో సమస్య ఇంకా పెద్దది. రైల్వే కాలనీ పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ఆటవస్తువు రైలే! పట్టాల మీద పైసా బిళ్ల పెట్టి, రైలు వెళ్లాక రేకులా పలచబడిన దాన్ని ఏరుకోవడం, పట్టా మీద చేతులు చాచి నడవడం, షంటింగ్ చేసే పెట్టెల వెంట పరిగెత్తడం, ఇవి దేశంలో ఏ రైల్వే కాలనీ పెద్దల నోట విన్నా వినిపించే మాటలే. వాళ్లు ఇప్పుడు నవ్వుతూ చెబుతారు. చెప్పడానికి బతికి ఉన్నవాళ్లు కాబట్టి నవ్వుతారు.

ఇది ఎంత ప్రమాదమో లెక్క వేసి చూద్దాం. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ప్రయాణికుల పెట్టె వెడల్పు దాదాపు 3,250 మిల్లీమీటర్లు. అంటే పెట్టె ఒక్కో వైపు పట్టా లోపలి అంచునుంచి ముప్పావు మీటరుకు పైగా బయటికి పొడుచుకుని ఉంటుంది. పట్టా దాటి ఒక అడుగు అవతల నిలబడిన పిల్లవాడు తాను బయటే ఉన్నాననుకుంటాడు. కాని అతడు నిలబడినది రైలు వచ్చే చోటే.

ఇక ఆగడం సంగతి. గంటకు 110 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 30 మీటర్ల పైమాట. బ్రేకు వేశాక సెకనుకు సెకనుకు అరమీటరు చొప్పున వేగం తగ్గుతుందనుకోండి. మీరు చదువుకున్న సూత్రం ప్రకారం వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే దూరం వస్తుంది. దాదాపు 930 మీటర్లు! ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేదాకా ప్రపంచంలో అదే అతి పొడవైనదని మీరు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆ ప్లాట్‌ఫారం ఈ చివర పిల్లవాణ్ణి చూసి బ్రేకు వేస్తే, రైలు ఇంచుమించు ఆ చివరికి గాని ఆగదన్నమాట. డ్రైవరు మంచితనానికీ దీనికీ సంబంధం లేదు. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ పట్టాల మీద అనధికారంగా తిరగడాన్ని నేరంగా చెప్పింది. కాని ఏడేళ్ల పిల్లవాణ్ణి ఆపేది సెక్షన్ కాదు. పెరట్లో అంతకంటే మంచి ఆట ఉండాలి.

1960ల చివర ఈ మార్గంలో విద్యుదీకరణ జరిగాక మరో భయం తోడైంది. పైన వెళ్లే తీగలో 25,000 వోల్టులు. గాలిపటం ఆ తీగకు చిక్కితే లాగకూడదు. ఎందుకు? పొడి నూలుదారం విద్యుత్తును అంతగా ప్రసరింపజేయదు కదా అంటారు. నిజమే. కాని తడిస్తే? లోహపు పొడి కలిసిన మాంజా అయితే? అంత వోల్టేజి దగ్గర తీగను ముట్టుకోనక్కర లేదు. దగ్గరికి పోతేనే చాలు, గాలిలోనుంచే దూకుతుంది. అక్కడ గాలిపటాలకు రెండు రుతువులు. బెంగాలీలకు సెప్టెంబరులో విశ్వకర్మ పూజ, తెలుగువాళ్లకు జనవరిలో సంక్రాంతి. రెండు పండుగలూ తనవే అనుకునే పిల్లవాడికి భయం కూడా రెండింతలే.

అగ్గిపెట్టెల రైలు

అందుకే తల్లులు, తాతలు, కాస్త పెద్దవైన అక్కలు రైలును పెరట్లోకే తెచ్చారు. ఖాళీ అగ్గిపెట్టెలు దారంతో వరుసగా కడితే గూడ్సుబండి. ముందు నిలువుగా ఒక పెట్టె పెట్టి, వాడేసిన దారపు రీలు అతికిస్తే ఇంజన్ పొగగొట్టం. లేత తాటిబుర్రలు రెండు తెచ్చి మధ్యలో పుల్ల గుచ్చితే చక్రాల బండి. వ్యాగన్‌లో నిజంగానే సరుకు వేస్తారు. ఒక పెట్టెలో బియ్యం, ఒక పెట్టెలో ఇసుక, ఒకదానిలో చింతగింజలు. బరువైన పెట్టె ఇంజన్ పక్కన ఉంటే బండి ఎలా నడుస్తుంది, చివర ఉంటే మలుపు దగ్గర ఏమవుతుంది? ఇది గూడ్సు గార్డుకు తెలిసిన శాస్త్రం. పిల్లవాడు దాన్ని నేలమీద పడుకుని, చెంప నేలకు ఆనించి నేర్చుకున్నాడు.

అగ్గిపెట్టెలతోనే టెలిఫోను. రెండు పెట్టెల అడుగున చిల్లు పెట్టి, పొడవాటి దారం దూర్చి, లోపల పుల్ల ముక్కతో ముడి వేయాలి. దారం బిగుతుగా లాగినప్పుడే మాట వినిపిస్తుంది. వదులైతే వినిపించదు. నోటి దగ్గరి పెట్టె కంపిస్తే ఆ కంపనం బిగించిన దారం వెంట పరిగెత్తి అవతలి పెట్టెను కంపింపజేస్తుంది. దారాన్ని మధ్యలో వేళ్లతో పట్టుకోండి, మాట ఆగిపోతుంది. స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య కబురు నడిచే ఊళ్లో పిల్లలు ఈ ఆటను 'కంట్రోల్ ఆఫీసు' ఆటగా మార్చుకోవడంలో వింత లేదు.

పాతకాలపు అట్ట టికెట్లు మీలో చాలామంది చూసి ఉండరు. థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి 1830లలో రూపొందించిన పద్ధతి అది. సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే గట్టి అట్టముక్క. కంప్యూటర్ టికెట్లు వచ్చేదాకా ఇదే నడిచింది. ప్రయాణం అయ్యాక జేబుల్లో మిగిలిపోయిన ఆ అట్టముక్కలు పిల్లలకు నిధులు. పేకముక్కల్లా పరిచి ఆడవచ్చు, నిలబెట్టి మేడ కట్టవచ్చు, ఊళ్ల పేర్లు చదివి వరుసలో పెట్టవచ్చు. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం అని ముద్రించిన అట్టముక్క బెంగాల్‌లో పెరిగే పిల్లవాడికి ఏం చెబుతుందో ఊహించండి.

చెత్తనుంచి బొమ్మ చేయడం పేదరికపు గుర్తు అని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఐ.ఐ.టి. కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా, 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమంతో పరిచయం కలిగాక, అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు రబ్బరు ముక్కలతో కలిపి త్రిభుజాలు, ఘనాలు, చతుర్ముఖులు కట్టించారు. త్రిభుజం నొక్కినా వంగదు, చతురస్రం వంగిపోతుంది అన్న విషయం పిల్లల వేళ్లకే తెలిసేలా చేశారు. రైలు వంతెనల దూలాల్లో త్రిభుజాలు ఎందుకు ఉంటాయో ఇక వేరే చెప్పనక్కర లేదు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అగ్గిపుల్లతో ఆడిన పిల్లలకు ఎవరూ ఏమీ ఇవ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

మాట కూడా ఆటలోనే

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. ఖరగ్‌పూర్‌ను చిన్న భారతదేశం అంటారు. బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా, తమిళం, పంజాబీ, గుజరాతీ అన్నీ ఒకే వీధిలో వినిపిస్తాయి. అక్కడ తెలుగు మాధ్యమంలో బడులు నడిచాయి. తెలుగు పండుగలు నడిచాయి. ఘటాలు ఎత్తుకుని ఊరేగే మాత పూజ ఆ ఊరి పండుగల్లో పేరున్నది. అయినా మూడోతరం, నాలుగోతరం పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, దుకాణంలో బెంగాలీ మాట్లాడతారు. తెలుగు ఎక్కడ మిగిలింది? వంటింట్లో, పెరట్లో.

మన కర్రాబిళ్ల బెంగాలీలో డాంగులి. మన తొక్కుడుబిళ్ల వాళ్ల ఎక్కాదొక్కా. మన పులిజూదానికి వాళ్ల బాఘ్‌బందీ దగ్గరి చుట్టం. బొంగరం వాళ్లకు లాట్టు. ఆట ఒకటే, పేరు మారుతుంది. వీధిలో ఆడేటప్పుడు ఏ పేరైనా చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ అందరి భాషా కలగలుపు. కాని అచ్చనగిల్లలు ఆడుతూ గిల్లలు లెక్కపెట్టేది, చెమ్మచెక్క ఆడుతూ పాడేది, చంటిబిడ్డను కాళ్లమీద ఊపుతూ పలికేది అమ్మ భాషలోనే. లెక్కపెట్టే భాష ఊరికే మారదు. మీరు ఇంగ్లీషులో చదువుతున్నా చిల్లర లెక్కపెట్టేటప్పుడు మనసులో ఏ భాష వస్తుందో గమనించండి.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు చాలాకాలంగా అడుగుతున్న మాట అది. దానికోసం సంఘాలు వినతిపత్రాలు ఇచ్చాయి, నాయకులు పనిచేశారు. ఆ కృషిని తక్కువ చేయను. అయితే హోదా అడగడానికి ముందు భాష బతికి ఉండాలి కదా! నూట ఇరవై ఏళ్లు అది బతికి ఉండటంలో వరండాలో గీసిన సుద్దగీతలకు కూడా వాటా ఉందని నా అభిప్రాయం.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. ఈ ఆటలన్నిటినీ నడిపింది ఎక్కువగా ఆడపిల్లలు. తల్లి నీళ్లకు, రేషనుకు, పనికి వెళ్తే తమ్ముళ్లను, చెల్లెళ్లను ఆడించే బాధ్యత ఎనిమిదేళ్ల అక్కది. ఆమెకు అది ఆట కాదు, పని. తమ్ముడు బడికి వెళ్లే వయసు వచ్చేసరికి ఆమె బడి మానేసిన ఇళ్లు ఎన్నో. పాతకాలపు ఆటల గురించి ముచ్చటగా రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

పెద్దలు ఏమన్నారు?

జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ 1840లో కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టి, చిన్నపిల్లలు చెక్కబంతులు, ఘనాలు, స్తూపాలతో ఆడుతూ నేర్చుకోవాలన్నాడు. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో శ్రీనికేతన్ స్థాపించి చేతిపనులకు చదువులో పీట వేశారు. గాంధీజీ 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో చేతివృత్తి ద్వారానే చదువు సాగాలని వాదించారు. వీళ్లందరి మాటలూ ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల్లో ఉన్నాయి. పరీక్షలకు చదువుతారు, పరీక్ష అయ్యాక మరిచిపోతారు. చింతగింజల డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్న మామ్మకు ఈ పేర్లేవీ తెలియవు. కాని ఆమె చేసిందీ అదే.

రంగుల దగ్గర జాగ్రత్త

ఖరగ్‌పూర్‌కు ఎంతో దూరం కాదు, అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో పింగ్లా దగ్గర నయా అనే ఊరు ఉంది. అక్కడి చిత్రకారులు పొడవాటి పటాలు గీసి, వాటిని విప్పుతూ కథ పాడతారు. వాళ్లు వాడే రంగులు ఇంటి చుట్టూ దొరికేవే. శంఖపుష్పంనుంచి నీలం, పసుపునుంచి పచ్చన, దీపపు మసినుంచి నలుపు. రంగు అంటుకోవడానికి మారేడు బంక. విశాఖ వైపు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో బొమ్మలు చేస్తారని మీకు తెలుసు. అక్కడ మధ్యలో రసాయన రంగులు ప్రవేశించాయి. సి.వి. రాజు వంటివారు పూనుకుని చెట్లనుంచి, గింజలనుంచి తీసిన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఈ గొడవ అంతా ఎందుకు? పసిపిల్లలు బొమ్మను ముందు చూసేది నోటితో. కొన్ని పసుపు, ఎరుపు రంగుల్లో సీసం సమ్మేళనాలు ఉంటాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, అదీ పైకి ఏ గుర్తూ కనిపించకుండా. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు కొన్న పెయింటు డబ్బా అటకమీద మిగిలి ఉంటే దాన్ని పిల్లల బొమ్మలకు వేయకండి.

ఇంట్లోనే ఒక రంగుల ప్రయోగం చేయవచ్చు. నాలుగు శంఖపుష్పాలను వేడినీళ్లలో వేస్తే నీలిరంగు దిగుతుంది. అందులో నిమ్మరసం పిండండి, ఊదా, గులాబీ వైపు మారుతుంది. వంటసోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి. ఇది మన అమ్మమ్మలు పెళ్లిళ్లలో వేల ఏళ్లుగా చేస్తున్న ఆమ్ల క్షార పరీక్షే.

రైళ్లు ఆగినప్పుడు

రైల్వే ఊళ్లో రైలు ఆగిందంటే ఇల్లు కూడా ఊపిరి బిగబడుతుంది. 1974 మే 8న మొదలై ఇరవై రోజులు నడిచిన దేశవ్యాప్త రైల్వే సమ్మెలో వేలాదిమందిని అరెస్టు చేశారు, అనేక రైల్వే కాలనీల్లో కుటుంబాలను క్వార్టర్లనుంచి వెళ్లగొట్టారు. జీతం లేదు, తండ్రి ఇంటికి వస్తాడో రాడో తెలియదు. అలాంటి రోజుల్లో పిల్లల్ని ఆడించడం కాలక్షేపం కాదు. వాళ్లకు భయం అంటకుండా చూడటం.

రెండోసారి 2020 మార్చిలో. కరోనా కారణంగా దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. పశ్చిమ బెంగాల్‌లో 9 నుంచి 12 తరగతుల పిల్లలు, 2021 ఫిబ్రవరినుంచి కొద్ది వారాలు తప్ప, 2021 నవంబరు దాకా బడికి పోలేదు. ప్రాథమిక తరగతులవాళ్లు 2022 ఫిబ్రవరి దాకా ఇంట్లోనే ఉన్నారు. దాదాపు రెండేళ్లు! ఫోనున్న ఇంట్లో పాఠం ఫోనులో నడిచింది. ఇద్దరు పిల్లలకు ఒకే ఫోను ఉన్న ఇంట్లో ఒకరు పాఠం వింటే రెండోవారు ఖాళీ. అప్పుడు చాలా ఇళ్లలో పెద్దవాళ్లు మళ్లీ చింతగింజలు తీశారు. దేశంలో ఏ మూల ఉన్న తెలుగు ఇంటినైనా అడగండి, ఆ రెండేళ్లలో అష్టాచెమ్మా గీతలు గీయని ఇల్లు అరుదు.

నేను ఫోనుకు శత్రువును కాను. ఈ పాఠమాల తెర మీదినుంచే మీకు చేరుతోంది కదా! కాని తెర మీద బొంగరం తిప్పితే అది పడిపోదు. చేతిలో బొంగరం పడిపోతుంది. వేగంగా తిరిగేటప్పుడు నిటారుగా నిలుస్తుంది, వేగం తగ్గేకొద్దీ తల చుట్టూ తిప్పుతూ ఊగుతుంది, చివరికి ఒరుగుతుంది. మొన మొద్దుబారిన బొంగరం త్వరగా ఎందుకు ఒరుగుతుందో పిల్లవాడు మొన నూరి, మళ్లీ తిప్పి కనుక్కుంటాడు. కోణీయ ద్రవ్యవేగం అన్న మాట అతడికి పదో ఏట అక్కర లేదు. ఇంటర్మీడియట్‌లో ఆ మాట ఎదురైనప్పుడు చేతికి జ్ఞాపకం వస్తుంది.

వామనగుంటల లెక్క

చివరగా, గణితం ఇష్టమైనవారికోసం వామనగుంటలను కొంచెం లోతుగా చూద్దాం. తమిళులు పల్లాంగుళి అంటారు, మలేషియాలో చొంగ్కాక్ అంటారు, ఆఫ్రికాలో ఇలాంటి ఆటలు అనేకం. పీట మీద రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, మొత్తం 14. పీట లేకపోతే నేలమీద తవ్వుకుంటారు. ఖరగ్‌పూర్ కంకర నేలలో తవ్వడం కష్టం, సుద్దతో గుండ్రాలు గీసినా సరిపోతుంది.

గుంటకు 5 చొప్పున 70 చింతగింజలు వేయండి. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, తరువాతి గుంటనుంచి ఒక్కొక్కటి పంచుతూ వెళ్లాలి. గింజలు అయిపోగానే ఆ తరువాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. తరువాతి గుంట ఖాళీగా ఉంటే దాని పక్క గుంటలోవి మీకు దక్కుతాయి, వంతు అయిపోతుంది. ప్రాంతాన్నిబట్టి నియమాల్లో తేడాలుంటాయి, మనం వీటితోనే లెక్క వేద్దాం.

మూడో గుంటలో 5 గింజలు తీస్తే చివరిది ఎనిమిదో గుంటలో పడుతుంది. ఇది కూడిక. ఒక గుంటలో 14 గింజలు పోగైతే? చుట్టూ తిరిగి బయలుదేరిన గుంటలోనే చివరిది పడుతుంది. 17 అయితే మూడు గుంటలు ముందు. అంటే 14 వచ్చినప్పుడల్లా సున్నా అయినట్టే. గడియారంలో 12 తరువాత మళ్లీ 1 వచ్చినట్టు. పెద్ద తరగతుల్లో దీన్నే శేషాల అంకగణితం అంటారు. రాత్రి డ్యూటీ గంటలు లెక్కపెట్టే ఇంట్లో పిల్లలకు ఇది కొత్తగా ఉండదు.

ఇప్పుడు కాగితం మీద చేసి చూడండి. మొదటి గుంటతో ఆట మొదలుపెడితే, 1వ గుంటలోవి 6దాకా పోతాయి. తరువాత 7వ గుంటలోవి 12దాకా. తరువాత 13వ గుంటలోవి చుట్టు తిరిగి 4దాకా. 5వ గుంటలో అప్పటికి 6 గింజలుంటాయి, అవి 11దాకా. 12వ గుంటలోని 6 మళ్లీ 4దాకా. 5వ గుంట ఖాళీ. ఆరో గుంటలోని 7 గింజలు మీవి. మొదటి వంతులో వేరే గుంటతో మొదలుపెట్టినా సరిగ్గా 7 గింజలే దక్కుతాయి. ఎందుకో మీరు ఆలోచించండి. అన్ని గుంటల్లోనూ సమానంగా గింజలున్నప్పుడు ఈ చక్రానికి మొదలు ఎక్కడ అన్న ప్రశ్నతో ప్రారంభించండి. తరువాత గుంటకు 5కు బదులు 4 చొప్పున 56 గింజలతో ఆడి, మొదటి వంతులో ఎన్ని దక్కుతాయో లెక్క కట్టండి. మీ ఇంట్లో అమ్మమ్మో మామ్మో ఉంటే, మీరు పెన్సిలు తీసేలోపు ఆమె జవాబు చెప్పగలరేమో చూడండి. మాకు వచ్చిన జవాబు 6.